మా పాపకి బట్టలు గుచ్చుకోకుండా చేసుకోవడానికి మేం పడ్డ పాట్లు – నా అనుభవం

మా పాపకి ఇప్పుడు ఏడేళ్ళు. రెండేళ్ళ కిందట మా ఇంటికి పొద్దున ఏడింటికి ఎవరైనా వచ్చుంటే ఈ ఇంట్లో పిల్లని కొడుతున్నారేమో అనుకునేవాళ్ళు, అంత ఏడుపు. చొక్కా తలలోంచి దూర్చగానే మొదలు, కాలర్ మెడకి తగిలిందంటే రెండు చేతులతో లాగేసుకునేది, సాక్స్ వేస్తే కాళ్ళు నేలకేసి కొట్టేది, వేసిన సాక్స్ తీసి మళ్ళీ వేసి మళ్ళీ తీసి, ఈలోపు బయట ఆటో అతను హారన్ మీద హారన్. ఇంట్లో ఉంటే మాత్రం చీకిపోయిన ఒకే ఒక్క బనీను, ఒకే లెగ్గింగు. అవి ఉతికి ఆరేస్తే దండెం కింద నిలబడి ఆరేదాకా చూసేది.

ఇది ఎందుకు రాస్తున్నానంటే మా వాళ్ళల్లోనే ఇద్దరు ముగ్గురు "మా బాబు కూడా జీన్స్ వేస్తే గోల చేస్తాడు, ఏం చేశారు మీరు" అని అడిగారు, ఫోన్లో చెప్తే సగం మర్చిపోతాను, అందుకని మొత్తం ఒకచోట రాసి పెడుతున్నా.

మొదట స్కిన్ డాక్టర్ దగ్గరికే వెళ్ళాం, ఎవరైనా అలాగే వెళ్ళాలి అనుకుంటా, ఎందుకంటే ఎగ్జిమా లాంటిదో, సబ్బు పడకపోవడమో అయితే దాని మందు వేరు. ఆయన చూసి చర్మం శుభ్రంగా ఉందమ్మా, ఎలర్జీ కాదు, ఒకసారి మీ పిల్లల డాక్టర్‌కి చెప్పండి అన్నారు. పిల్లల డాక్టర్‌గారు ఓపిగ్గా విని ఆక్యుపేషనల్ థెరపిస్ట్ దగ్గరికి పంపించారు. అప్పటిదాకా ఆ పేరు వింటే దెబ్బలు తగిలాక చేతులకి ఎక్సర్‌సైజులు చేయించేవాళ్ళు అనుకునేదాన్ని, పిల్లలకి బట్టలేసుకోవడం లాంటి రోజువారీ పనుల్లో ఇబ్బంది ఉంటే కూడా వాళ్ళే చూస్తారని అప్పుడే తెలిసింది.

థెరపిస్ట్ మేడమ్ చెప్పింది నాకు అర్థమైనంతలో ఏంటంటే, మన ఒంటిమీద బట్ట ఉందన్న సంగతి వేసుకున్న కాసేపటికే మనకి గుర్తుండదు, మెదడు దాన్ని పక్కన పెట్టేస్తుంది, కొంతమంది పిల్లల్లో అలా పక్కన పెట్టడం సరిగ్గా జరగదు, కాబట్టి పొద్దున వేసిన కాలర్ సాయంత్రం దాకా కొత్తగానే తగులుతూ ఉంటుంది. పైగా తేలిగ్గా రాసుకునే స్పర్శ వాళ్ళకి ఎక్కువ ఇబ్బంది, గట్టిగా అదిమి పట్టుకుంటే హాయి. జీన్ ఏయర్స్ అని అమెరికాలో ఒక ఆక్యుపేషనల్ థెరపిస్ట్ 1970ల నాటికే దీని మీద బాగా పనిచేశారట, ఈ థెరపీలన్నీ అక్కడి నుంచే వచ్చాయి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నెట్‌లో చూస్తే దీన్ని సెన్సరీ ప్రాసెసింగ్ డిజార్డర్ అని ఒక పెద్ద జబ్బు పేరు పెట్టి భయపెడతారు. మా డాక్టర్‌గారు స్పష్టంగా చెప్పారు, ఇది విడిగా ఒక జబ్బుగా డాక్టర్లు రాసేది కాదు, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, అంటే అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం, 2012లోనే అలా విడి జబ్బుగా రాయొద్దని సలహా ఇచ్చింది, అయితే ఆటిజం ఉన్న పిల్లల్లో ఇది బాగా ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో, అంటే మానసిక సమస్యల్ని గుర్తుపట్టడానికి డాక్టర్లు వాడే పుస్తకంలో, ఆటిజం లక్షణాల్లో దీన్ని కూడా కలిపారు, అందుకని ఒకసారి ఆ వైపు కూడా చూపించుకోవడం మంచిది అని. చూపించాం. మా పాపకి ఆటిజం లేదన్నారు. ఉన్నా ఈ బట్టల విషయంలో చేసే పని మాత్రం ఇదే అన్నారు.

సరే, అసలు పని. మేడమ్ మొదటి రోజు ఏ ఎక్సర్‌సైజూ చెప్పలేదు. బీరువాలో పాప బట్టలన్నీ నేలమీద పోసి రెండు కుప్పలు పెట్టండి, ఏడవకుండా వేసుకునేవి ఒకటి, వేసుకోనివి ఒకటి, తర్వాత అన్నీ తిరగేసి లోపలి వైపు చూడండి, కళ్ళు మూసుకుని మీ మెడ మీద రాసి చూడండి అన్నారు. వినడానికి పిచ్చిగా ఉంటుంది. నేనూ మా వారూ ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంటి మధ్యలో కూర్చుని చిన్న గౌన్లు మెడకి రాసుకుంటుంటే మా అత్తయ్యగారు కాఫీ గ్లాసు పట్టుకుని అలా చూస్తూ నిలబడిపోయారు.

కానీ అక్కడే సగం తెలిసిపోయింది. మేం ఇన్నాళ్ళూ బిగుతు వల్ల ఏడుస్తోంది అనుకుని వదులు గౌన్లు కొంటున్నాం, వేసుకోని కుప్పలో దాదాపు అన్నీ ఆ వదులువే! వదులుగా ఉంటే నడిచినప్పుడల్లా అంచు మోకాలికి తగిలి తగిలి పోతుంది, ఫ్రిల్లు మోచేతికి రాసుకుంటుంది. వేసుకునే కుప్పలో అన్నీ ఒంటికి అతుక్కుని ఉండే హోజరీ గుడ్డవి, అంటే బనీను గుడ్డ, అది అల్లిక గుడ్డ కదా, ఒంటితో పాటు సాగుతుంది, జరగదు. ఇంకా టీషర్టుల ముందు బొమ్మలు ఉంటాయి చూడండి, ఆ రబ్బర్ ప్రింటు, మన బెజవాడ ఎండలకి చెమట పట్టి లోపల పొట్టకి అంటుకుంటుంది. బొమ్మ చూసి పాపే ముచ్చటపడి కొనిపించుకున్నవి కూడా అందుకే వేసుకోలేదు. చేతులు కడుక్కున్నప్పుడు పొడుగు చేతుల అంచు కాస్త తడిస్తే చాలు మొత్తం విప్పేసేది, అది కూడా అప్పుడే గుర్తొచ్చింది.

లేబుల్ సంగతి విడిగా చెప్పాలి, చాలామంది లేబుల్ కత్తిరించేస్తే సరిపోతుంది అనుకుంటారు. కత్తెరతో కత్తిరిస్తే కుట్టు దగ్గర చిన్న ముక్క మిగులుతుంది, అది మెత్తటి లేబుల్ కన్నా ఇంకా గరుకు. అదీ కాక చాలా రెడీమేడ్ బట్టలకి లేబుల్‌ని గాలం తీగ లాంటి తెల్లటి ప్లాస్టిక్ దారంతో కుడతారు, కత్తెర పడిన చోట దాని కొస పైకి లేచి నిలబడుతుంది, వేలితో తడిమితే తగలదు కూడా, వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే మెరుస్తూ కనపడుతుంది. పెద్దవాళ్ళం మనకే అది తగిలితే వీపు గోక్కుంటాం. దానికి కుట్లు విప్పే పనిముట్టు ఒకటి ఉంటుంది, టైలరింగ్ సామాన్లు అమ్మే కొట్లో రెండు కొసలున్న చిన్న పుల్ల లాగా దొరుకుతుంది, పెద్ద ఖరీదేం కాదు, దాంతో ఒక్కో కుట్టూ తెంపి, దారం మొత్తం లాగేసి, తర్వాత ఆ చోట వేలు కాదు, పెదవి ఆనించి చూడాలి. పెదవికి తెలిసినంత వేలికి తెలియదు. కొన్ని కంపెనీలు లేబుల్ కుట్టకుండా మెడ దగ్గర అచ్చు వేస్తున్నాయి, అవి నయం, కానీ ఆ అచ్చు కూడా మందంగా ఉంటే లాభం లేదు.

ఉతకడం గురించి ఎవరూ చెప్పరు. మాది అపార్ట్‌మెంట్, బోరు నీళ్ళు, ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్ళతో ఉతికి మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరేస్తే కాటన్ గుడ్డ అప్పడంలా బిగుసుకుపోతుంది. ఇప్పుడు పాప బట్టలకి మాత్రం ఆఖరి జాడింపు మున్సిపాలిటీ నీళ్ళతో, నీడన ఆరేసి, తీసేటప్పుడు రెండు చేతులతో బాగా నలిపి దులిపి మడతపెడతాం. కండిషనర్ వేసి చూశాం, గుడ్డ మెత్తబడింది గానీ ఆ వాసనకి ముక్కు మూసుకుంది, కాబట్టి అది మాకు పనికిరాలేదు, వాసన లేనివి కూడా ఉంటాయి కావాలంటే చూడండి. కొత్త బట్ట ఏదైనా సరే ఒంటిమీదకి రాకముందే నాలుగైదు తడుపులు తినాల్సిందే, కొత్త గుడ్డకి పెట్టే గంజీ అదీ పోవాలి కదా.

ఇక్కడే మా అత్తయ్యగారు రంగంలోకి దిగారు. అప్పటిదాకా ఆవిడ మాట ఒకటే, "గారాబం ఎక్కువైంది, మా రోజుల్లో ఇలాంటివి ఎరగం" అని. నేను కొత్త బట్టలు బకెట్లో నానబెడుతుంటే ఏమనుకున్నారో ఏమో, "అమ్మాయ్, పురిటి పిల్లలకి ఎవరైనా కొత్త గుడ్డ వేస్తారా, పాత గుడ్డలే కదా వేసేది, బారసాల దాకా కొత్తవి ముట్టనిచ్చేవాళ్ళం కాదు, దీనికీ అదే చేస్తే పోలా" అన్నారు. నిజమే కదా! అని లోపలికెళ్ళి ట్రంకు పెట్టెలోంచి మా మామయ్యగారి పాత పంచెలు తీసుకొచ్చారు, ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి పట్టుకుంటే జారిపోయేంత మెత్తగా ఉన్నాయి. వాటితో పాపకి షిమ్మీలు కుట్టించాం. కుట్లన్నీ బయట వైపుకి, ఒంటి వైపు అంతా నున్నగా. చూడటానికి తిరగేసి వేసుకున్నట్టు ఉంటుంది, పైన చొక్కా వస్తుంది కాబట్టి ఎవరికీ కనపడదు. వేసుకుంది. ఏడవలేదు, లాగలేదు, వేసుకుని వెళ్ళి టీవీ ముందు కూర్చుంది. అత్తయ్యగారు ఆ రోజు సాయంత్రం పక్క ఫ్లాట్‌లో అందరికీ చెప్పారు, ఇదేదో తను కనిపెట్టినట్టు, చెప్పుకోనివ్వండి, నిజంగా ఆవిడే కనిపెట్టారు.

యూనిఫాం పెద్ద గండం. స్కూలు వాళ్ళు ఇచ్చేది పాలిస్టర్ కలిసిన గుడ్డ, మడత నలగదు, రంగు పోదు, అందుకే స్కూళ్ళకి అదంటే ఇష్టం, కానీ గాలి ఆడదు. కాలర్ లోపల బక్రం పెట్టి అట్టలాగా చేస్తారు, దానికి టై, నడుముకి బెల్టు, కాళ్ళకి నైలాన్ సాక్స్. మా టైలర్ అన్నకి చూపించి చెప్తే ఆయన ముందు నవ్వాడు, "ఏంటమ్మా కాలర్‌లోంచి బక్రం తీసేస్తే కాలర్ ఎలా నిలబడుద్ది" అని. నిలబడక్కర్లేదన్నా, పడుకోనియ్ అన్నాను. అదే రంగులో కాటన్ గుడ్డ దొరికింది, సరిగ్గా అదే రంగు కాదు, దూరం నుంచి తెలియదు. కాలర్ బక్రం లేకుండా, పై గుండీ వెనక మెత్తటి పట్టీ, చంక దగ్గర ఓవర్‌లాక్ కుట్టు (గుడ్డ అంచు పీచు లేవకుండా మిషన్‌తో చుట్టేది) బదులు అంచులు లోపలికి మడిచి కుట్టడం. ఓవర్‌లాక్ మిషన్‌లో కొందరు నైలాన్ దారం వాడతారు, చంకలో చెమటకి అదే గీరేది. స్కర్టుకి బెల్టు తగిలించకుండా ముందు సాదా పట్టీ, వెనక మెత్తటి వెడల్పాటి ఎలాస్టిక్, అది కూడా గుడ్డ లోపల.

స్కూల్లో మొదట ఒప్పుకోలేదు. అందరూ ఒకేలా ఉండాలమ్మా అన్నారు. థెరపిస్ట్ మేడమ్ ఒక లెటర్ రాసిచ్చారు, ఏ గుడ్డ, ఏ మార్పు, ఎందుకు అని నాలుగు ముక్కల్లో. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో పిల్లల అవసరాన్ని బట్టి స్కూళ్ళు సర్దుబాటు చెయ్యాలని ఉంది, కానీ మా పాపకి వైకల్యం సర్టిఫికెట్ లేదు కాబట్టి నేను చట్టం జోలికి పోలేదు, ఆటిజం సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు ధైర్యంగా అడగొచ్చు. నేను చేసిందల్లా పాత చొక్కా, కొత్త చొక్కా రెండూ పట్టుకెళ్ళి స్కూలు మేడమ్‌ని రెండు కాలర్లూ పట్టుకుని చూడమన్నాను. లెటర్ కన్నా అదే పనిచేసిందని నా నమ్మకం. బేరం ఎలా కుదిరిందంటే టై సోమవారం ప్రేయర్‌లో మాత్రమే, అయిపోగానే బ్యాగ్‌లోకి. సాక్స్ తిరగేసి వేసుకోవచ్చు. కాలివేళ్ళ దగ్గర అడ్డంగా ఒక కుట్టు వస్తుంది కదా, తిరగేస్తే అది బయటికి పోతుంది. పిల్లలెవరైనా ఉల్టా వేసుకున్నావ్ అంటే "నాకు ఇలాగే బాగుంటుంది" అని చెప్పమన్నాం, చెప్తోంది కూడా, ఒకటి రెండు రోజులు అడిగి వాళ్ళే మానేశారు.

పొద్దున్నే చేసే పనులు కొన్ని మారాయి. స్నానం అయ్యాక టవల్‌తో రుద్దం. టవల్ చుట్టి భుజాలు, చేతులు, కాళ్ళు పైనుంచి కిందకి అరచేత్తో గట్టిగా అదుముతాం, పిండుతున్నట్టు కాదు, నొప్పి పుట్టకూడదు. తర్వాత మంచం మీద కాసేపు గెంతుతుంది, పాపకి అదొక ఆట, మేడమ్ చెప్పిందేమో కీళ్ళకి ఆ అదురు తగిలాక ఒళ్ళు కాస్త సర్దుకుంటుందని. ఆ తర్వాత షిమ్మీ, చొక్కా, స్కర్టు, ఆఖర్న సాక్స్. ఈ వరస మారకూడదు. తొడిగేది మేం కాదు, తనే. ఎవరో చెయ్యి వచ్చి తగలడం కన్నా తన చేత్తో తను వేసుకుంటే బాధ తక్కువట, మనకి చక్కిలిగింతలు మనం పెట్టుకోలేం కదా అన్నారు మేడమ్, బానే అర్థమైంది నాకు. టైమ్ పడుతుంది, అందుకని అరగంట ముందే లేపుతాం. సెలవు రోజుల్లో రెండు జతలు చూపించి ఏది కావాలో అడుగుతాం, "ఏం వేసుకుంటావ్" అని బీరువా తెరిచి వదిలేస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

బ్రష్‌తో ఒళ్ళు రుద్దే థెరపీ ఒకటి ఉంది, యూట్యూబ్‌లో వీడియోలు బోలెడు. మా మేడమ్ అది ఇంట్లో సొంతంగా చెయ్యొద్దన్నారు, దానివల్ల లాభం ఉందని గట్టి రుజువులు కూడా లేవన్నారు. బరువు జాకెట్లు, కంప్రెషన్ బనీన్లు అని వేలకి వేలు పెట్టి అమ్ముతున్నారు, నాకైతే అంత అవసరం కనపడలేదు, కాస్త ఒంటికి పట్టే మామూలు హోజరీ బనీనే ఆ పని చేసింది. బరువు జాకెట్ అయితే థెరపిస్ట్‌ని అడగకుండా చిన్నపిల్లలకి వెయ్యనే వెయ్యకండి.

మా తమ్ముడి పెళ్ళి ఒక పరీక్ష. మేనకోడలు పట్టు లంగా లేకుండా పెళ్ళిలో తిరిగితే మా అమ్మ ఊరుకుంటుందా? జరీ అంచు వెనకవైపు ఎప్పుడైనా చూశారా, దారాలు వదులుగా వేలాడుతూ ఉంటాయి, వేలికి తగిలితే చాలు గీసుకుంటుంది. అమ్మా నేనూ ఫోన్లో రోజూ పోట్లాట. చివరికి కంచి పట్టు మానేసి మంగళగిరి చీర, సన్న జరీ అంచుది తీసుకున్నాం. అమ్మ పాత వెంకటగిరి చీర ఒకటి చిరగడానికి సిద్ధంగా ఉంటే దాన్ని లైనింగ్ చేశాం, జరీ వెనకంతా అది కప్పేసింది. నడుముకి బొందు లేకుండా బాడీ లంగా కుట్టించాం, మా చిన్నప్పుడు అందరికీ అవే కదా, చేతుల్లేని బాడీకి లంగా అతికించేస్తారు, బరువంతా భుజాల మీద పడుతుంది, నడుముకి ఏమీ బిగించక్కర్లేదు. జాకెట్టుకి పైపింగ్ లేదు, హుక్కులు లేవు, మెత్తటి గుండీలు. నెల ముందు నుంచి రోజూ సాయంత్రం కాసేపు ఇంట్లో వేసుకుని తిరిగేది, మొదట్లో రెండు నిమిషాలు, తర్వాత ఒక కార్టూన్ అయ్యేదాకా.

ఇంత చేసినా ఒకటి తన్నింది. కొత్త బట్టలకి నాలుగు మూలలా పసుపు పెడతాం కదా, అమ్మ పెళ్ళిరోజు పొద్దున జాకెట్టు మెడ అంచుకి తడి పసుపు పెట్టింది, తడి! పాప మొహం చూసి నాకు గుండె జారిపోయింది. మా ఆడపడుచు హెయిర్ డ్రయర్ తీసుకొచ్చి ఆ చుక్కని ఆరబెట్టి, ఎండిన పసుపు దులిపేసి, మళ్ళీ వేసింది. జీలకర్ర బెల్లం పెట్టేదాకా, తలంబ్రాలు అయ్యేదాకా ఉంది. ఆ తర్వాత వచ్చి "చాలు" అంది. అంతే, రూమ్‌లోకి తీసుకెళ్ళి షిమ్మీ, లెగ్గింగు వేశా. వరసకి పెద్దమ్మ ఒకావిడ "అదేంటే పెళ్ళిలో బనీను మీద తిప్పుతున్నావ్" అంది. మా అత్తయ్యగారే సమాధానం చెప్పారు, "దాని ఒళ్ళు దానిది వదినా, భోజనానికి పదండి" అని. నాకు ఆవిడ్ని అక్కడే కావలించుకోవాలనిపించింది గానీ అంత చనువు మాకు లేదు లెండి.

డబ్బుల మాట. ప్రైవేట్ థెరపీ సెషన్లు అందరూ భరించగలిగినవి కావు. మేం మొదట్లో వారం వారం వెళ్ళి, తర్వాత నెలకోసారి చేశాం, ఇంట్లో చేసేది నేర్పించమని అడిగాం. స్తోమత లేనివాళ్ళు జిల్లా ఆసుపత్రుల్లో ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్, అంటే పిల్లల ఎదుగుదలలో ఇబ్బందుల్ని చిన్నప్పుడే పట్టుకుని చూసే చోటు, ఉందేమో కనుక్కోండి, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పెట్టినవి, పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి ఉచితంగా చూస్తారు. హైదరాబాద్ వైపు వాళ్ళకి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ ఉంది, 1984 నుంచి ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ, మానసిక ఎదుగుదలలో ఇబ్బంది ఉన్న పిల్లల కోసం పెట్టింది, ఆక్యుపేషనల్ థెరపీ కూడా ఉంటుంది.

ఇంకో చిన్న కిటుకు, ఏ లెగ్గింగు అయినా పడింది అనుకోండి, వెంటనే అదే రకం పై రెండు సైజులు కూడా కొని పెట్టేసుకోండి. మేం అలాగే కొన్నాం కాబట్టి సరిపోయింది, మరుసటేడు అదే పేరుతో వచ్చినవి చూస్తే గుడ్డ మారిపోయింది, ఎలాస్టిక్ సన్నబడింది.

రెయిన్‌కోటు సంగతి మాత్రం ఇంకా తేలలేదు. ప్లాస్టిక్ చప్పుడూ, చేతులకి అంటుకోవడమూ, టోపీ చెవులకి తగలడమూ, మూడూ పడవు ఆవిడకి. పంచె గుడ్డతో లోపల లైనింగ్ వేసి కుడతావా అని టైలర్ అన్నని అడిగితే "వాన నీళ్ళు కుట్ల కంతల్లోంచి లోపలికొస్తాయమ్మా" అన్నాడు, అదీ నిజమే. ఈ వానాకాలం పెద్ద గొడుగు పట్టుకుని ఆటో దాకా నేనే దిగబెడుతున్నా. మీలో ఎవరికైనా ఏదైనా ఉపాయం తడితే చెప్పండి.